మూఢంలో ప్లాస్మా

ఆ వేసవిలో మా ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచి రెండే మాటలు వినపడేవి. మా ఆయన నోట ప్లాస్మా, మా అత్తగారి నోట మూఢం. వాళ్లిద్దరి మధ్యా నేనూ, పెరట్లో ప్రహరీగోడ వారగా నిలబెట్టిన ఒక పాత వ్యానూ ఎండకి మాడుతూ ఉండేవాళ్లం.

ముందు వ్యాను సంగతి చెప్పాలి. అది ఒకప్పుడు సరుకులు చేరవేసిన బండి. వెనక తలుపు తప్ప అన్ని పక్కలా రేకు మూసేసిన పెద్ద డబ్బా. ఆటోనగర్‌లో తుక్కు కింద తూకానికి పోబోతుంటే, అక్కడే ఒక స్పేర్ పార్టుల కొట్లో కౌంటర్ చూసే మా ఆయన రాంబాబు దాని మీద మనసు పారేసుకున్నాడు. ఇంకో బండికి తాడుతో కట్టించి నిడమానూరులో మా ఇంటిదాకా ఈడ్పించుకొచ్చాడు. ఇంటి దగ్గర పాత బండ్లు విప్పడం ఆయనకి సరదా. కొందరు మగాళ్లు సాయంత్రం పేకాటకి పోతారు, ఈయన స్పానర్ల పెట్టె ముందేసుకుని కూర్చుంటాడు. విప్పడంలో ఉన్న సరదా బిగించడంలో కూడా ఉంటే బాగుండేదని నేను చాలాసార్లే అన్నాను.

ఈసారి బండి మాత్రం నా కోసం. దానికి ఒక పక్క పెద్ద కిటికీ కోసి, లోపల పొయ్యి బిగించి, హనుమాన్ జంక్షన్‌లో హైవే పక్కన పెట్టుకుని చేపల పులుసూ అన్నం అమ్మాలని నా కోరిక. పెళ్లయిన దగ్గర్నుంచి చుట్టాల ఇళ్లలో ఏ కార్యమైనా పులుసు వంతు నాదే. తిన్నవాళ్లు వేళ్లు నాక్కుంటూ "నీ చేతిలో ఏదో ఉందే గంగా" అనేవాళ్లు, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయేవాళ్లు. ఆ ఏదో ఏంటో నాకూ ఒకసారి చూసుకోవాలనిపించింది. నాదంటూ ఒక చోట నిలబడి, నా పులుసు కోసమే వచ్చినవాళ్లకి వడ్డించాలనిపించింది. ఇలా చెబితే చిన్న కోరికలాగే ఉంటుంది గానీ, అంతకన్నా పెద్ద కోరిక నాకు అప్పటిదాకా కలగలేదు.

చోటు కూడా దొరికింది. జంక్షన్‌లో టైర్ల కొట్టు బసవపున్నయ్యగారు తన కొట్టు ముందున్న ఖాళీ జాగాలో బండి పెట్టుకోమన్నారు. "నాట్లు మొదలయ్యేదాకా చూస్తానమ్మా. అప్పటికీ నువ్వు రాకపోతే చెరుకురసం అతను అడుగుతున్నాడు, అతనికి ఇచ్చేస్తా. మళ్లీ నన్నేం అనుకోకూడదు" అన్నారు. ఆయన మాట అంటే మాటే. కాలవలకి నీళ్లొచ్చి, చేలల్లో నాట్లు పడేలోపు నా బండి రోడ్డెక్కాలి. లేదంటే అది మా పెరట్లో కోళ్లగూడు అవుతుంది.

అయితే పని నత్తనడక నడిచింది. వ్యాను అడుగురేకంతా తుప్పు. ఆ తుప్పు ముక్కలు తీసేసి కొత్త రేకు వెయ్యాలి, పొగగొట్టానికి కన్నం పెట్టాలి, పొయ్యికి స్టాండు కట్టాలి, అన్నిటికన్నా ముఖ్యం, కిటికీ కొయ్యాలి. మా ఆయన దగ్గరున్నది చేతి గ్రైండరు. దాని చక్రం రేకుకి తగిలితే వీధంతా పళ్లు జివ్వుమనేవి. కొట్టు నుంచి వచ్చాక సాయంత్రం జానెడు కోసేవాడు, చక్రం పగిలేది, కొత్త చక్రం వేసేవాడు, ఇంకో బెత్తెడు కోసేవాడు. ఆ తర్వాత అరుగు మీద కూర్చుని ఫోన్ చూసేవాడు.

ఆ ఫోన్‌లోనే ఆయనకి గడ్డం పెంచిన అమెరికావాడొకడు తగిలాడు. ఆ మనిషి తన ఇంటి షెడ్డులో ఇలాంటి బండినే వంటబండిగా మార్చేస్తున్నాడు. అతను మాట్లాడేది మా ఆయనకి ఒక్క ముక్క అర్థం కాదు. చేతులు చూస్తాడంతే.

"చూడు గంగా, చూడు! పెన్నుతో గీసినట్టు ఎట్టా కోస్తున్నాడో. దీన్ని ప్లాస్మా కట్టర్ అంటారు. కరెంటూ గాలీ కలిపి కొడుతుంది. ఇది మనింట్లో ఉంటే నీ కిటికీ ఒక్క పూట పని."

"పెయింట్ గన్ కొన్నప్పుడూ ఇదే మాటన్నారు" అన్నాను.

"అది వేరు."

"పెద్ద జాకీ కొన్నప్పుడు?"

"అదీ వేరే. ఇది అసలు..."

ఆయనతో వచ్చిన చిక్కే అది. పనిముట్టు ఇంటికి రాగానే పని సగం అయిపోయినట్టు లెక్క. దానికి పసుపూ కుంకుమా పెట్టి, దండేసి, రెండుసార్లు ఆడించి, అటక ఎక్కిస్తాడు. మళ్లీ ఇంకోదాని మీద మనసు పడుతుంది. చీటీ పాడి పక్కన పెట్టిన డబ్బులున్నాయి కాబట్టి పేచీ డబ్బు గురించి కాదు. ఈ మిషను కూడా అటకెక్కితే నా కిటికీ కూడా దాంతోపాటే అటకెక్కుతుందని నా భయం. అందుకే గట్టిగా వద్దన్నాను.

నేను వద్దన్నాక ఆయన ఆటోనగర్‌లో వెల్డింగ్ షెడ్డున్న ఆమోసుకి ఫోన్ చేసి సాయం అడిగాడు. అదీ వాకిట్లో నిలబడి, వీధిలో అందరికీ వినపడేలాగా. "ప్లాస్మా లేకపోతే ఇక నావల్ల కాదన్నా. రోజురోజుకీ నీరసం వచ్చేస్తంది. ఎంత త్వరగా దొరికితే అంత మంచిది. నువ్వొక్కసారి గంగకి చెప్పన్నా."

అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న మా అత్తగారు దానమ్మ చెవిన ఈ మాటలు పడ్డాయి. ఆవిడ గింజలు అక్కడే వదిలేసి పక్కింటి శివపార్వతి దగ్గరికి పరుగు తీసింది. కిందటేడు శివపార్వతి మొగుడికి డెంగీ వచ్చినప్పుడు ఆసుపత్రిలో ఆ ప్లాస్మాలూ ప్లేట్‌లెట్లూ అన్న మాటలు వీధి వీధంతా నేర్చుకుంది. నేను స్నానం చేసి వచ్చేసరికి మా వాకిట్లో ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. శివపార్వతి బొప్పాయి ఆకుల రసం గ్లాసు నిండా పిండి తెచ్చి మా ఆయన మూతి దగ్గర పెట్టింది.

"తాగన్నయ్యా, చేదుగా ఉన్నా గుక్క తిప్పుకోకుండా తాగెయ్యి. మా ఆయన లేచి కూర్చున్నాడంటే దీనివల్లే."

"నాకేం అయిందమ్మా?"

"మా దగ్గర దాస్తే ఎట్టా? పిన్నిగారు అంతా విన్నారు."

మా ఆయన తల్లి మొహం చూశాడు. కన్నీళ్లు కారుతున్నాయి. ఆ మొహం చూశాక ఆయన ఇంకేం అడక్కుండా గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. తాగాక, చేదుకి మొహం అష్టవంకరలు పోతుండగా, అసలు సంగతి చెప్పాడు. వీధి ఆడవాళ్లు పైటలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ వెళ్లిపోయారు. అత్తగారికి మాత్రం నవ్వు రాలేదు.

"ఇనుం కోసే కత్తికి నెత్తురు పేరు పెట్టిందెవడ్రా? బుద్ధుందా వాడికి?" అని ఆ పేరు పెట్టినవాణ్ణి కాసేపు తిట్టింది. తిట్టి తిట్టి, కళ్లు తుడుచుకుని, "కొంటే కొను గానీ ఇప్పుడు కాదు. మూఢం వచ్చేసింది. మూఢం వెళ్లేదాకా కొత్త ఇనుం గడప తొక్కటానికి వీల్లేదు" అంది.

మూఢంలో పెళ్లిళ్లు చెయ్యరు, ఇల్లు కట్టడం మొదలుపెట్టరు, కొత్త బండి కొనరు. అదంతా నాకూ తెలుసు. రేకు కోసే మిషనుకి కూడా మూఢం ఉంటుందని మాత్రం అప్పుడే విన్నాను.

ఒకసారి వచ్చి చూసుకోమన్న ఆమోసు మాట కాదనలేక ఒక ఆదివారం నేను మా ఆయన వెంట ఆటోనగర్ వెళ్లాను. ఆదివారమైనా అక్కడ సగం షెడ్లు తెరిచే ఉంటాయి. విప్పేసిన లారీల మధ్య నుంచి, నల్లటి ఆయిలు మడుగులు దాటుకుంటూ వెళితే చివర ఆమోసు షెడ్డు. ఆయన బట్టతలకి తుండుగుడ్డ కట్టుకుని, నాకు కుర్చీ తుడిచి వేశాడు.

"చూడు చెల్లెమ్మా, నేను కొనమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఉన్నదున్నట్టు చెప్తా. గ్యాసుతో కోస్తే ఈ పల్చటి రేకు వేడికి వంకర్లు పోద్ది. గ్రైండరుతో కోస్తే మీవాడు ముసలాడైపోతాడు. దీంతో అయితే నున్నగా తెగుద్ది. కానీ దీనికి గాలి కావాలి, కంప్రెసర్లో చుక్క నీరుండకూడదు. ఎండాకాలం మీ వీధిలో అందరూ ఏసీలేసి కరెంటు దిగిపోయిందనుకో, మధ్యలో ఆగిపోద్ది. ఒక్క కిటికీ కోసమే అయితే ఇంత మిషనెందుకు? ఇంటి దగ్గర బండ్లపని మానను, ఇట్టాగే చేస్తానంటే మాత్రం కొనుక్కోవచ్చు."

"మీ షెడ్డుకే బండి తీసుకొచ్చేస్తే పోలా?" అని అడిగాను.

"ఇంజను దించేశాడుగా. ఈడ్చుకొచ్చినా ఇదిగో, ఈ లారీలన్నిటి వెనకాల నిలబడాలి. దసరాకి చూద్దాం."

నాట్లలోపు కావాలన్న నాకు దసరా మాట చెవికెక్కలేదు. ఆమోసు నల్లద్దాల కళ్లజోడు ఇచ్చాడు. సుద్దముక్కతో రేకు మీద గీత గీసి, మిషను గొట్టం దాని మీద పెట్టి మీట నొక్కాడు. బుస్సుమని గాలి, సూదిమొనంత నీలం వెలుగు, కింద నిప్పురవ్వల జల్లు. చేప ముక్క కత్తిపీట మీద తెగినట్టు రేకు రెండు ముక్కలైంది. తెగిన అంచు చూశాను. గరుకు లేదు, వంకర లేదు.

"నువ్వు పట్టుకో" అన్నాడు ఆమోసు.

మా ఆయన తనకే అనుకుని చెయ్యి చాపాడు. ఆమోసు ఆయన్ని దాటి గొట్టం నా చేతికిచ్చాడు. నొక్కాను. ఆగితే ఆగినచోట కన్నం పెద్దదవుతుంది, పరుగెత్తితే అడుగు తెగదు. పొలుసు గీరేటప్పుడు చేతికి ఎంత బిగువు ఉండాలో అంత బిగువు. జానెడు దూరం బాగానే పోయి ఆ తర్వాత పక్కకి జరిగింది. అయినా నా గుండెల్లో ఒక సంబరం పొంగింది. బయటికి మాత్రం "ఊఁ, ఫర్లేదు" అన్నాను.

ఇంటికి వస్తూ బండి మీద వెనక కూర్చుని ఆయన భుజం తట్టాను. "కొనండి. కానీ కిటికీ కోశాకే దండ వెయ్యాలి."

ఆయన రోడ్డు మీదే ఈల వేశాడు. ఇక అడ్డం మూఢం ఒక్కటే.

అత్తయ్యని ఒప్పించడానికి ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. పాత మిషను కొంటే కొత్త ఇనుము కాదుగా అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. కొని ఆమోసు షెడ్డులోనే ఉంచుతానన్నాడు. "వాడికి మాత్రం కీడు తగలొద్దా?" అంది. ఒక శనివారం ఇంకేదో కొత్త సాకుతో వచ్చాడు. శనివారం ఇనుము కొనే మాటెత్తినందుకు విడిగా తిట్లు తిన్నాడు.

ఆవిడకి అసలు అడ్డం మూఢం కాదని నాకు లోలోపల తెలుసు. మా మామగారు సూరయ్య బందరులో పడవ మీద సముద్రంలోకి వెళ్లేవారట. ఆయన తెచ్చిన చేపలు గంపకెత్తుకుని ఈవిడ ఊళ్లో వీధులన్నీ తిరిగేది. ఆయన పోయాక కూడా ఆ గంప మీదే కొడుకుని చదివించింది. కొడుక్కి కౌంటర్ ఉద్యోగం వచ్చిన రోజున గంపని పొయ్యిలో పెట్టి నీళ్లు కాచుకుని తలంటు పోసుకుందట. "మా ఇంట్లో ఆడది రోడ్డు మీద నిలబడి అమ్మడం నాతోనే ఆఖరు" అని చుట్టాలందరి దగ్గరా గర్వంగా చెప్పుకునేది. అలాంటి మనిషితో కోడలు జంక్షన్‌లో నిలబడి పులుసు అమ్ముతానంటే ఏం చెబుతుంది? నాతో ఒక్క మాట అనలేదు. మూఢాన్ని మాత్రం గట్టిగా పట్టుకుంది.

మేమూ ఊరికే కూర్చోలేదు. గ్రైండరుతోనే అడుగురేకు తుప్పంతా తీసేశాం. మా ఆయన ఫోన్‌లోని అమెరికావాణ్ణి ముందు పెట్టుకుని, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, వ్యాను పక్కన కిటికీకి కొలతలు తీశాడు. సుద్దతో గీత గీశాడు. ఎడమపక్క ప్రహరీగోడకి ఆనుకుని ఉంది కాబట్టి పెరడు వైపున్న కుడిపక్కే గీశాడు. నాలుగు మూలలూ గుండ్రంగా తిప్పి, పైన చూరు ఎక్కడ వస్తుందో కూడా గీశాడు. ఆ గీత చూసి నేను మురిసిపోయాను. కిటికీ లేకపోయినా కిటికీ ఉన్నట్టే ఉంది.

అప్పట్నుంచి మధ్యాహ్నం పని అయ్యాక వ్యానులోకి ఎక్కేదాన్ని. లోపల కుంపట్లో ఉన్నట్టుండేది. చెమటలు కారుతున్నా దిగబుద్ధయ్యేది కాదు. గీత వెనకాల నిలబడి, పొయ్యి ఎక్కడ, గిన్నె ఎక్కడ, పళ్లాలు ఏ చేతికి అందాలి అని చూసుకునేదాన్ని. ఖాళీ గరిటెతో ఖాళీ పళ్లెంలో వడ్డించి, "ఇంకొంచెం పులుసు వెయ్యమంటారా అండీ" అని రేకుని అడిగేదాన్ని. ఎవరైనా చూస్తే పిచ్చిపట్టిందనుకుంటారని వెనక తలుపు దగ్గరికి లాగేదాన్ని. అది తుప్పు పట్టి పూర్తిగా పడేది కాదు. అత్తయ్య వేపచెట్టు నీడలో నవారుమంచం వేసుకుని, ఆ సుద్దగీత వంకే చూస్తూ విసనకర్ర ఊపుకుంటూ ఉండేది. ఏమైనా అంటుందేమోనని చూసేదాన్ని. ఏమీ అనేది కాదు.

ఒకటి రెండు వానలు పడ్డాయి. కాలవలకి నీళ్లు వదిలారని పేపర్లో వచ్చింది. బసవపున్నయ్యగారు ఫోన్ చేసి, "అమ్మా, నారుమళ్లు పచ్చబడుతున్నాయి మరి" అన్నారు. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

మూఢం వెళ్లిపోయిన రోజు పొద్దున్నే మా ఆయన తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికొడుకులా వాకిట్లో నిలబడ్డాడు. కొట్టుకి సెలవు పెట్టాడు. నేను మాత్రం వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాను. మూఢం వెళ్లిన వెంటనే ఆషాఢం ఉంది. అత్తయ్య నోట ఆషాఢం అన్న మాట వచ్చిందంటే ఇంకో నెల. అప్పటికి నాట్లు అయిపోతాయి, నా జాగాలో చెరుకురసం పారుతుంది.

అత్తయ్య మంచం మీద నుంచి లేచింది. కొంగు బొడ్లో దోపుకుంటూ వ్యాను దగ్గరికి నడిచింది. సుద్దగీత మీద అరచేయి పెట్టింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఈ బండి నడిపేవాడు ఎటుపక్క కూర్చుంటాడ్రా?"

"కుడిపక్క. ఎందుకే?"

"రోడ్డుకి ఎటువారన ఆపుతాడు?"

"ఎడమవార... " అని మా ఆయన ఆగిపోయాడు.

"ఎడమవార ఆపితే నీ కిటికీ ఎటు తెరుచుకుద్ది?"

నేను గుమ్మం దిగి వచ్చాను. రోడ్డు వారన బండి ఆపినట్టు, బసవపున్నయ్యగారి కొట్టు ఎడమపక్కన ఉన్నట్టు మనసులోనే పెట్టి చూసుకున్నాను. కిటికీ నడిరోడ్డులోకి తెరుచుకుంది. పులుసు కోసం వచ్చినవాళ్లు హైవే మీద, లారీలకి వీపు పెట్టి నిలబడ్డారు.

"కొనేవాళ్లు లారీ కిందా, నువ్వు జైల్లోనా" అంది అత్తయ్య.

మా ఆయన ఫోన్ తీసి అమెరికావాణ్ణి చూశాడు. అక్కడ బండ్లన్నీ రోడ్డుకి కుడివారన పోతున్నాయి. ఇన్నాళ్లూ ఆ మనిషి చేతులే చూశాడు గానీ, వెనకాల వీధిని ఒక్కనాడూ చూడలేదు. నేను మాత్రం చూశానా? రోజూ ఆ గీత వెనకాలే నిలబడి నడిరోడ్డుకి పులుసు వడ్డించాను.

"ఎప్పుడు చూశారత్తయ్యా?" అన్నాను.

"వీడు గీత గీసిన రోజే. వీధుల్లో అమ్మినదాన్ని, కొనేవాళ్లు ఎక్కడ నిలబడతారో నాకు తెలియదా?"

"మరి చెప్పలేదేం?"

"మూఢం కదమ్మా. మంచి మాటలు ఎత్తకూడదు" అంది. తన మాటకి తనకే నవ్వొచ్చి మొహం తిప్పుకుంది. కాసేపటికి మళ్లీ ఇటు తిరిగింది. ఈసారి నవ్వు లేదు.

"అటుపక్కే కోస్తారు, బండి పనికిరాదు, నువ్వు రోడ్డెక్కవు అనుకున్నా. అట్టాగే ఊరుకుందామనుకున్నానే గంగా. కానీ రోజూ మధ్యాహ్నం ఆ రేకు ఎనకాల ఎవరూ లేకపోయినా నవ్వుతున్నావు. తలుపు సందులోంచి కనపడుతూనే ఉంది. నేను అన్నేళ్లు అమ్మి గంప దించానా, ఒక్కనాడు నవ్వలా. ఇల్లు గడవక అమ్మాను. నువ్వు ఇష్టపడి అమ్ముతానంటన్నావు. రెండూ ఒకటే అనుకున్నా ఇన్నాళ్లూ."

నాకు ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకున్నాను. గంప మోసిన అరచేతులు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి.

మా ఆయన మాత్రం నీరుగారిపోయి వ్యాను మెట్టు మీద చతికిలబడ్డాడు. "ఆ మిషను వద్దులే. అది ఇంట్లో ఉండుంటే వేసవి మొదట్లోనే కోసి అవతల పడేసేవాణ్ణి. గ్రైండరుతోనే మెల్లగా కోసుకుందాం."

తమాషా చూడండి, కొనాలని వేసవంతా తపించిపోయిన మనిషి వద్దంటున్నాడు. వద్దన్న నేను కాళ్లూ చేతులూ ఆడక చూస్తున్నాను. గ్రైండరంటే వినాయకచవితి దాకా సాగుతుంది.

"గీత గీసింది మిషనా, నువ్వా?" అంది అత్తయ్య.

"నేనే."

"మరి మిషన్నెందుకు తిడతావు? లే. చెప్పులేసుకుని వస్తా, నేనూ వస్తన్నా. దాని పేరు మాత్రం నా ముందు ఎత్తమాక."

ఆవిడే వచ్చింది, మిషను కొన్న కొట్టు గుమ్మంలో ఆవిడే కొబ్బరికాయ కొట్టింది. సాయంత్రానికి వీధిలో మగాళ్లందరినీ పిలిచి వ్యానుని తోయించి, ఎడమపక్క పెరడు వైపుకి వచ్చేలా తిప్పించింది. బొప్పాయి రసం తాగించిన శివపార్వతి మొగుడు అందరికన్నా గట్టిగా తోశాడు. పాత గీత గోడ వైపు వెళ్లిపోయింది.

కొత్త గీత గీసే పని అత్తయ్య ఎవరికీ ఇవ్వలేదు. సుద్ద పుచ్చుకుని బండి పక్కన నేల మీద నిలబడి, చెయ్యి మడిచి మోచెయ్యి రేకుకి ఆనించింది. "కొనేవాడికి మోచెయ్యి ఇక్కడ ఆనాలి. చెయ్యి పైకెత్తి అడుక్కున్నట్టు ఉండకూడదు. వంగి తీసుకోకూడదు" అంటూ అక్కడ అడ్డగీత గీసింది. మా ఆయన దాన్ని బద్దపెట్టి సరిచేశాడు. గీసింది సరిగ్గా ఉందో లేదో ముగ్గురం మూడుసార్లు చూసుకున్నాం. వీధిలోకి నడిచి అక్కడి నుంచి కూడా చూశాం.

కోసేటప్పుడు మా ఆయన పైభాగం కోశాడు. పక్కలు కోశాడు. కింది గీత, ఆ అడ్డగీత, నాకు వదిలేశాడు. ఆ పూట కరెంటు కూడా దయతలిచి దిగిపోలేదు. నల్లద్దాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, చివరిదాకా చెయ్యి జరక్కుండా లాగాను. రేకు ముక్క బయటికి ఒరిగింది, మా ఆయనా, సాయానికి వచ్చిన ఆమోసూ పట్టుకుని దించారు. కుంపటిలా ఉండే ఆ డబ్బాలోకి ఒక్కసారిగా గాలీ వెలుతురూ వచ్చాయి. నేను అద్దాలు తియ్యడం కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాను. కట్టర్‌కి దండ వెయ్యాలన్న మాట మా ఆయనకి గుర్తే లేదు. అప్పటికే పొగగొట్టం కన్నానికి కొలతలు తీస్తున్నాడు.

ఇంజను బిగించి, పొయ్యి కట్టి, లోపలంతా తెల్లరంగు వేసేసరికి కొన్ని చేలల్లో అప్పుడే నాట్లు మొదలయ్యాయి. బసవపున్నయ్యగారు జాగా ముందు రెండు పాత టైర్లు అడ్డం పెట్టి ఉంచారు, ఎవరూ రాకుండా. మేం వెళ్లేసరికి ఆయనే దొర్లించి పక్కన పెట్టారు.

మొదటిరోజు మధ్యాహ్నం. పొయ్యి మీద పెద్ద దాకలో పులుసు. లారీలు, బస్సులు, కార్లు రివ్వున పోతున్నాయి. ఒక్కరూ మా వంక చూడటం లేదు. మా ఆయన కిటికీ చూరుకి లేని లోపాలు వెతుకుతూ స్పానరు తిప్పుతున్నాడు. నేను గరిటె పట్టుకుని కిటికీలో నిలబడ్డాను. అరిచి పిలవాలని తెలుసు. నోరు తెరిచి "రండి... చేపల పులుసు" అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. ఖాళీ రేకుతో అన్ని కబుర్లు చెప్పినదాన్ని, నిజం మనుషులు ఎదురుగా ఉంటే నోరు పెగల్లేదు. వేసవంతా పడిన పాట్లు కళ్ల ముందు తిరిగాయి. ఏడుపొచ్చింది.

లోపల స్టూలు మీద ఉల్లిపాయలు తరుగుతున్న అత్తయ్య నా మొహం చూసింది. కత్తిపీట వాల్చి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. నన్ను భుజంతో పక్కకి జరిపి, కిటికీలోంచి తల బయట పెట్టింది.

"చేపలమ్మో... చేపలూ..."

లారీ హారన్ల మీదుగా, బస్సుల మీదుగా ఆ పిలుపు సాగిపోయింది. టైర్ల కొట్టులో పనివాళ్లు తలలెత్తారు. రోడ్డు అవతల టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు ఇటు తిరిగారు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మా ఇంట్లో రోజూ వినే దానమ్మది కాదు అది. మా ఆయన చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది. ఆ గొంతు ఆయన చిన్నప్పుడు విన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అత్తయ్యా, మనం అమ్మేది పులుసు" అన్నాను.

"పులుసులో ఉండేవి ఏంటే, వంకాయలా?"

మళ్లీ పిలిచింది. ఈసారి ఇంకా పొడుగ్గా లాగింది. టీ కొట్టు దగ్గరి నుంచి ఒక లారీ డ్రైవరు లుంగీ సర్దుకుంటూ, రెండువైపులా చూసుకుని రోడ్డు దాటి వచ్చాడు. కిటికీ ముందు, నేల మీద, మోచెయ్యి అంచుకి ఆనించి నిలబడ్డాడు. లోపలికి తొంగి చూసి ఏం చేపని అడిగాడు. అత్తయ్య వెనక్కి జరిగి నన్ను ముందుకి తోసింది.

"అరవడం నేను చూసుకుంటా" అంది నా చెవిలో. "నువ్వు నవ్వు."